అమ్మానాన్నలతో మిడ్‌లాండ్స్‌లో మూడు రోజులు: నేనైతే డెర్బీషైర్ దాటను

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. ఆగస్టులో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. లండన్ పోయినసారే చూశారు కాబట్టి ఈసారి దగ్గర్లోనే మూడు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్లాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు, పిల్లలకి ఆరేళ్లు, పదకొండేళ్లు. కారు ఉంది. మీరు రాసుకున్న జాబితాలో స్ట్రాట్‌ఫర్డ్, వారిక్ కోట, ఆల్టన్ టవర్స్, కాట్స్‌వోల్డ్స్, పీక్ డిస్ట్రిక్ట్ అన్నీ ఉన్నాయి.

ముందు సూటిగా చెప్తాను. మీ జాబితాలోని పీక్ డిస్ట్రిక్ట్ వైపే, డెర్బీషైర్‌లో మాట్లాక్‌కీ బేక్‌వెల్‌కీ మధ్య, వంటగది ఉన్న ఒక ఇల్లు తీసుకుని మూడు రోజులూ అక్కడే ఉండండి. రోజుకి రెండు చోట్లే పెట్టుకోండి. మొదటి రోజు టివిడేల్ బాలాజీ గుడి చూసుకుని క్రామ్‌ఫర్డ్, మాట్లాక్ బాత్. రెండో రోజు పూర్తిగా చాట్స్‌వర్త్. మూడో రోజు లేడీబవర్ జలాశయం, తర్వాత మామ్ టార్ కొండ. జాబితాలో మిగిలినవన్నీ ఈ ట్రిప్పులోంచి తీసేయండి.

నేను డెర్బీలో పదిహేడేళ్లుగా ఉంటున్నాను. మా అమ్మానాన్నలు నాలుగుసార్లు వచ్చారు, అత్తయ్యగారు రెండుసార్లు వచ్చారు. స్నేహితుల తల్లిదండ్రులని తిప్పిన సార్లు లెక్కపెట్టలేదు. మొదట్లో నేనూ మీలాగే ఐదారు చోట్లు కుక్కి ప్లాన్ వేసేవాణ్ణి. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు రెండు రోజుల్లో నాలుగు ఊళ్లు చూపించాను. ఇంటికెళ్లాక మా బాబాయి "ఏం చూశావన్నయ్యా?" అని ఫోన్లో అడిగితే, "రోడ్లు బాగున్నాయిరా" అన్నారు. ఆ మాట విన్నాక నా పద్ధతి మార్చుకున్నాను.

మిగతావి ఎందుకు వద్దంటున్నానంటే. స్ట్రాట్‌ఫర్డ్ మీకు పక్కనే, ఏ ఆదివారం మధ్యాహ్నమైనా వెళ్లి రావచ్చు. షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు, నది ఒడ్డు చూడటానికి పూట చాలు, దానికోసం రాత్రి ఉండక్కర్లేదు. వారిక్ కోటలో అసలు చూడాల్సినవి బురుజుల మీద ఉంటాయి. అన్నీ ఇరుకైన రాతి మెట్లే, అమ్మగారు కిందే ఉండిపోవాలి. ఆల్టన్ టవర్స్ పిల్లలకి పండగే, కానీ పెద్దవాళ్లు రోజంతా బెంచీ మీద బ్యాగులకి కాపలా కూర్చుంటారు. ఎనభైకి దగ్గరపడిన మనిషిని అన్ని వేల మైళ్లు రప్పించి అలా కూర్చోబెట్టడం నాకు బాధగా ఉంటుంది. పిల్లల్ని మీరిద్దరే ఇంకోసారి తీసుకెళ్లండి. కాట్స్‌వోల్డ్స్ అందంగానే ఉంటుంది. కాకపోతే ఆగస్టులో బోర్టన్ లాంటి ఊళ్లలో కారు పెట్టుకోవడానికే గంట పడుతుంది.

ఇక మొదటి రోజు. టివిడేల్‌లోని శ్రీ వెంకటేశ్వర స్వామి గుడి మీరు చూసే ఉంటారు, అమ్మానాన్నలు చూసి ఉండరు. తిరుమల ఆలయం నమూనాలో కట్టారు, 2006లో ప్రతిష్ఠ జరిగింది. ప్రయాణం దర్శనంతో మొదలుపెడితే పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. ఇది నేను ప్రతిసారీ చూశాను. పొద్దున్నే వెళ్లండి, దర్శనం వేళలు ముందురోజు చూసుకోండి. అక్కణ్ణుంచి క్రామ్‌ఫర్డ్‌కి సుమారు గంటన్నర.

క్రామ్‌ఫర్డ్ మిల్లు పేరు మన సందర్శకుల జాబితాల్లో పెద్దగా కనిపించదు. నా లెక్కలో మాత్రం తెలుగువాళ్లు తప్పకుండా ఆగాల్సిన చోటు. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో పత్తి నూలు వడికే మిల్లు ఇక్కడ పెట్టాడు. అలాంటి మిల్లుల్లో ప్రపంచంలో నిలదొక్కుకున్న మొదటిది ఇదే. ఈ లోయలోని మిల్లులన్నిటికీ కలిపి 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దీని వెనక కథ మన మచిలీపట్నం దాకా వెళ్తుంది. పదిహేడో శతాబ్దంలో మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలంటే ఇంగ్లండ్‌లో జనం ఎగబడేవారు. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. తమ ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవ చేయడంతో ఇక్కడి పార్లమెంటు 1700లో ఆ అద్దకం బట్టల దిగుమతి మీద, 1721లో వాటిని కట్టుకోవడం మీద కూడా ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత యాభై ఏళ్లకి, అదే పత్తి నూలుని యంత్రంతో తీసింది ఈ మిల్లులోనే. మన నేతగాళ్ల బతుకు తలకిందులైన కథకి ఒక కొస ఇక్కడుంది. చీరాల దగ్గర మగ్గాలు చూస్తూ పెరిగిన మా స్నేహితుడి అమ్మగారికి ఇది చెప్తే, ఆవిడ ఆ రాతి గోడ మీద చేయి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

చిన్న విషయం ఒకటి, మీ పదకొండేళ్ల బాబుకో పాపకో చెప్పండి. ఈ మిల్లుకి వచ్చే నీళ్లలో ఒక భాగం సీసం గనుల్లోంచి తవ్విన సొరంగ కాలువది. భూమిలోంచి వస్తుంది కాబట్టి కాస్త వెచ్చగా ఉండి చలికాలంలోనూ గడ్డకట్టదు. ఆర్క్‌రైట్ ఈ చోటు ఎంచుకోవడానికి అదొక కారణం.

మిల్లు ఎదురుగానే క్రామ్‌ఫర్డ్ కాలువ మొదలవుతుంది. గట్టు దారి పూర్తిగా చదును. అమ్మగారు ఓపికున్నంత నడిచి వెనక్కి తిరగొచ్చు. బాతులుంటాయి, చిన్నవాడికి కాలక్షేపం.

అక్కడికి ఐదు నిమిషాల దూరంలో మాట్లాక్ బాత్. హైట్స్ ఆఫ్ ఏబ్రహామ్ అని, 1984 నుంచి నడుస్తున్న కేబుల్ కార్ ఉంది. డెర్వెంట్ నది మీదుగా కొండ మీదికి తీసుకెళ్తుంది. పైన రెండు గుహలు చూపిస్తారు. వాటి లోపల మెట్లున్నాయి, మ్యాసన్ గుహలో మరీ ఎక్కువ. పిల్లలతో మీరు లోపలికి వెళ్లండి, అమ్మానాన్నలు పైన కూర్చుని లోయ చూస్తారు. కొండ మీద దారులు కొంచెం ఏటవాలుగా ఉంటాయి కాబట్టి కేబుల్ కార్ దిగిన చోటికి దగ్గర్లోనే బల్ల చూసుకోండి. ఆగస్టులో టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

మాట్లాక్ బాత్‌లో ఒక జాగ్రత్త. వీధి పొడవునా చిప్స్ దుకాణాలే. బంగాళాదుంప చిప్సే కదా అని కొనేయకండి. ఈ ప్రాంతంలో చాలా దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించే దుకాణాలూ ఉన్నాయి, కానీ అదే మూకుడులో చేపలు కూడా వేయిస్తుండొచ్చు. రెండూ అడిగి తెలుసుకున్నాకే కొనండి. ఒక పెద్దావిడ తిన్నాక ఈ సంగతి తెలిసి, రెండు రోజులు ఏమీ సహించక బాధపడ్డారు. ఆ తప్పు నాది, నేనే కొనిచ్చాను. అలాగే బేక్‌వెల్ పుడ్డింగ్ ఆ ఊరి ప్రసిద్ధ వంటకం, అందులో గుడ్డు ఉంటుంది. పిల్లల జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. ప్యాకెట్ మీద 'వెజిటేరియన్' అని ఉన్నవే తీసుకోండి.

రెండో రోజు చాట్స్‌వర్త్. ఒక్క రోజే కుదిరితే మిగతావన్నీ వదిలేసి ఇక్కడికే వెళ్లమంటాను. డెవన్‌షైర్ డ్యూకుల భవనం, కావెండిష్ కుటుంబం వాళ్లది. లోపల చిత్రాలు, శిల్పాలు, పైకప్పు నిండా రంగుల బొమ్మలు ఉన్నాయి. పెద్దవాళ్లు తోటలో ఎక్కువ సేపు గడుపుతారు. 1844లో జోసెఫ్ పాక్స్‌టన్ కట్టిన ఎంపరర్ ఫౌంటెన్ అక్కడే ఉంది. రష్యా చక్రవర్తి వస్తాడని ఆయన కోసం కట్టారు, ఆయన రానేలేదు. దానికి మోటారు లేదు. వెనక గుట్ట మీద చెరువు తవ్వి, అక్కణ్ణుంచి గొట్టాల్లో దిగే నీటి ఒత్తిడితోనే చిమ్ముతుంది. కాలవలు, తూములు చూసిన రైతుకి ఇది చెప్పిచూడండి. మా మామయ్య ఆ చెరువు ఎంత ఎత్తులో ఉందో చూడాలని పట్టుబట్టి గుట్ట ఎక్కారు.

అరటి సంగతి కూడా చెప్పాలి. ఈ పాక్స్‌టన్ ఇక్కడ తోటల పెద్ద. మారిషస్ నుంచి వచ్చిన ఒక అరటి మొక్కని 1830ల్లో ఇక్కడి గాజు ఇంట్లో పెంచి గెల వేయించాడు. యజమాని ఇంటిపేరు మీద దానికి కావెండిష్ అని పేరొచ్చింది. ఇవాళ ప్రపంచ మార్కెట్‌లో తిరిగే అరటిపళ్లలో అత్యధికం ఆ రకానివే. మన పులివెందుల, అనంతపురం తోటల్లో వేసే టిష్యూ కల్చర్ గ్రాండ్ నైన్, రైతులు జీ-నైన్ అంటారు చూడండి, అదీ కావెండిష్ జాతిదే. పులివెందుల దగ్గర పది ఎకరాల్లో అరటి వేసిన ఒక పెద్దాయనకి ఇక్కడి బెంచీ మీద కూర్చుని ఈ కథ చెప్పాను. ఆయన అప్పటికప్పుడు తోటలో ఉన్న కొడుక్కి వీడియో కాల్ చేసి, "ఒరే, మన జీ-నైన్ పేరు ఈ బంగళావాళ్లదంటరా" అని భవనాన్ని చూపించారు. భవనంలోకి వెళ్లినప్పుడు కూడా ఆయన అంత సంబరపడలేదు. పాక్స్‌టన్ కట్టిన అతి పెద్ద గాజు ఇంటిని 1920లో కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు మొక్కల గోడలతో పద్మవ్యూహం లాంటి ఆట ఉంది, పిల్లలు అందులోంచి బయటికి రారు. గాజు కట్టడాల్లో ఆయన నేర్చిన పనే తర్వాత 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌కి పనికొచ్చింది.

చాట్స్‌వర్త్‌లో నడక ఎక్కువ. అమ్మగారు వద్దన్నా సరే వీల్‌చైర్ ఏర్పాటు చేయండి. మనవాళ్లు వీల్‌చైర్ అంటే నామోషీగా భావిస్తారు. మా అమ్మ కూడా "నాకేమైందిరా, నడవలేనా" అంది. కూర్చున్నాక మాత్రం సాయంత్రం దాకా హాయిగా చూసింది. కూర్చోకపోయి ఉంటే గంటకే "కార్లో ఉంటాలే, మీరెళ్లండి" అనేది. ముందే ఫోన్ చేసి వీల్‌చైర్ దొరుకుతుందా, ఏ గదులకి లిఫ్ట్ ఉంది అని అడగండి. ఇంట్లో మడత వీల్‌చైర్ ఉంటే తెచ్చుకోండి. పిల్లలకి పశువుల పాక, ఆట స్థలం వేరే టికెట్. ఆరేళ్ల వాళ్లకి భవనం కన్నా అదే నచ్చుతుంది కాబట్టి కలిపి తీసుకోండి.

సాయంత్రం ఓపికుంటే బేక్‌వెల్‌లో వై నది ఒడ్డున కూర్చోండి. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే చేపలు ఈదడం పైనుంచి కనిపిస్తుంది. ఆగస్టులో ఎనిమిది దాటినా వెలుగు ఉంటుంది. మీరు సోమవారం అక్కడుంటే సంత కూడా చూడొచ్చు.

మూడో రోజు ముందు లేడీబవర్ వైపు వెళ్లండి. ఫెయిర్‌హోమ్స్ అని ఒక చోట కారు పెట్టుకుంటే డెర్వెంట్ ఆనకట్ట కింది దాకా కొద్దిపాటి నడకే. లేడీబవర్ జలాశయం 1940ల్లో నిండింది. ఆషాప్టన్, డెర్వెంట్ అనే రెండు ఊళ్లు దాని కింద మునిగాయి. డెర్వెంట్ చర్చి శిఖరాన్ని కొన్నాళ్లు అలాగే ఉంచి, 1947లో పేల్చేశారు. 2018, 2022 వేసవుల్లో నీళ్లు బాగా తగ్గినప్పుడు డెర్వెంట్ ఊరి రాళ్లు బయటపడితే జనం తండోపతండాలుగా వచ్చారు. నంద్యాల వైపు సొంతూరు శ్రీశైలం ముంపులో పోయిన ఒక పెద్దాయనని తీసుకెళ్లాను. ఏడాదికోసారి నీళ్లు తగ్గాక సంగమేశ్వరం గుడి తేలితే వెళ్లి చూసొస్తామని చెప్పారు. ఇక్కడివాళ్లకి ఇల్లు ఎక్కడ కట్టిచ్చారు, సమాధులేం చేశారు అని నన్ను ఎన్నో ప్రశ్నలు అడిగారు. కొందరికి దగ్గర్లోని యార్క్‌షైర్ బ్రిడ్జ్ అనే చోట ఇళ్లు కట్టారని, చర్చి శ్మశానంలోని అవశేషాలని తీసి బామ్‌ఫర్డ్‌లో మళ్లీ పూడ్చారని చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు ఆయన ఏం మాట్లాడలేదు.

మధ్యాహ్నం కాసిల్‌టన్. ఊరు దాటాక విన్నాట్స్ పాస్ అని రెండు నిటారైన సున్నపురాయి కొండల మధ్య సన్నని రోడ్డు. బాగా నిటారు, చిన్న గేరులో నెమ్మదిగా ఎక్కాలి. అమ్మగారు కారు దిగకుండానే చూడగలిగిన గొప్ప దృశ్యం ఇదే. పైన మామ్ టార్ దగ్గర నేషనల్ ట్రస్ట్ కారు పార్కింగ్ ఉంది. కొండ ఎత్తు 517 మీటర్లు, కానీ పార్కింగ్ బాగా పైనే ఉండటంతో శిఖరానికి అరగంట లోపే, దారంతా రాతి మెట్లు. మీలో ఒకరు పిల్లలతో ఎక్కండి, ఒకరు పెద్దవాళ్లతో ఉండండి. పైనుంచి ఉత్తరాన కనిపించే పొడవాటి మిట్ట కిండర్ స్కౌట్. భూస్వాములు వేట కోసం మూసేసిన ఆ కొండ మీదికి 1932 ఏప్రిల్ 24న వందల మంది కార్మికులు నిషేధం ధిక్కరించి నడిచారు, ఐదుగురు జైలుకి వెళ్లారు. 1951లో దేశంలో మొదటి నేషనల్ పార్క్‌గా పీక్ డిస్ట్రిక్ట్ ఇక్కడే ఏర్పడింది. నాన్నగారికి ఉద్యమాల మీద ఆసక్తి ఉంటే ఇది చెప్పండి, కొండని వేరేగా చూస్తారు.

మామ్ టార్ పక్కన పాత హైవే ముక్క ఒకటుంది. కొండచరియ జారుతూనే ఉండటంతో ఎన్నిసార్లు బాగుచేసినా లాభం లేక 1979లో మూసేశారు. తారు పొరలు అడుగుల మందాన విరిగి కనిపిస్తాయి. పిల్లలకి దీన్ని మించిన భూగోళం పాఠం లేదు.

కాసిల్‌టన్ గుహల గురించి: నాలుగు గుహలున్నాయి, నాలుగూ బాగుంటాయి. స్పీడ్‌వెల్‌లో పడవ ప్రయాణం అనగానే పెద్దవాళ్లకి సుఖం అనుకుంటారు. పడవ దాకా వంద పైచిలుకు మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. బ్లూ జాన్ గుహలో అంతకు రెట్టింపు. అమ్మగారికి రెండూ వద్దు. ఊదా, పసుపు చారలుండే బ్లూ జాన్ రాయిని ఊళ్లో దుకాణాల్లో చూడొచ్చు.

వాన పడితే మూడో రోజు మొత్తం బక్స్‌టన్‌కి మార్చేయండి. అక్కడ సెయింట్ ఆన్స్ వెల్ దగ్గర గోరువెచ్చని ఊట నీళ్లు వీధిలోనే ఉచితంగా పట్టుకోవచ్చు, ఏడాదంతా 27 డిగ్రీల చుట్టూ ఉంటాయి. మనవాళ్లు తీర్థంలా తల మీద చల్లుకుని సీసాలు నింపుకుంటారు. పక్కనే పెవిలియన్ గార్డెన్స్ చదునుగా ఉంటుంది, కప్పు కింద కూర్చునే చోట్లున్నాయి.

ఇల్లు తీసుకునేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి, నాకు తగిలిన పెద్ద దెబ్బ అక్కడే. ఒకసారి ఫొటోలు చూసి ముచ్చటపడి రెండొందల ఏళ్ల నాటి రాతి ఇల్లు తీసుకున్నాను. పడక గదులన్నీ పైన. మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. స్నానం చేయాలంటే మోకాలి ఎత్తు తొట్టిలోకి కాలెత్తి దిగాలి. మా అత్తయ్యగారు రెండు రోజులు సోఫాలో పడుకున్నారు, స్నానానికి బకెట్ కూడా లేక ఇబ్బంది పడ్డారు. కాబట్టి కింది అంతస్తులో పడక గది, కింది అంతస్తులోనే తొట్టి లేని షవర్ ఉన్నాయా అని యజమానికి రాసి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఆగస్టులో చాలామంది వారానికే ఇస్తారు. తక్కువ రోజులకి ఇచ్చేవాళ్లు సాధారణంగా శుక్రవారం నుంచి సోమవారం, లేదా సోమవారం నుంచి శుక్రవారం అంటారు. సెలవు దొరికితే సోమవారం నుంచి తీసుకోండి. వారాంతంలో కాసిల్‌టన్‌లో తొమ్మిదిన్నరకే పార్కింగ్ నిండిపోతుంది. ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడే, ఆ వారాంతం అసలు వద్దు.

వంటగది ఎందుకన్నానో మీకు తెలిసే ఉంటుంది. పల్లెల్లోని పబ్బుల్లో శాకాహారం దొరుకుతుంది కానీ పెద్దవాళ్లు రెండు పూటలు వరసగా తినలేరు. చిన్న కుక్కర్, సోనా మసూరి, పప్పు, పచ్చడి సీసా పెట్టుకోండి. పొద్దున పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే మధ్యాహ్నం ఎక్కడైనా గడ్డి మీద దుప్పటి పరుచుకుని తినొచ్చు. ఎవరూ వింతగా చూడరు, ఇక్కడివాళ్లూ అలాగే తింటారు. బయట టాయిలెట్లలో నీళ్ల వసతి ఉండదు కాబట్టి అమ్మానాన్నలకి చెరొక ఖాళీ సీసా బ్యాగులో ఉంచండి, వాళ్లు నోరు తెరిచి అడగలేరు.

ఆగస్టే కదా అని పలచటి బట్టలతో బయల్దేరకండి. కొండ మీద గాలి ఉంటే పద్దెనిమిది డిగ్రీలే గుంటూరువాళ్లకి వణుకు. గుహల్లో ఇంకా చల్లగా ఉంటుంది. గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోట్లు కొనండి. చెప్పుల మీద చీర కుచ్చిళ్లు తడిస్తే జారతాయి, అమ్మగారికి ముందే ఒక జత పట్టున్న బూట్లు కొనిచ్చి ఇంటి దగ్గర నాలుగు రోజులు నడిపించండి. బీపీ, షుగర్ మందులు మూడు రోజులవి కాకుండా ఐదు రోజులవి పెట్టుకోండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

కింద ఒకరు కారు లేకుండా కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. డెర్బీ నుంచి మాట్లాక్‌కి రైలు ఉంది, క్రామ్‌ఫర్డ్, మాట్లాక్ బాత్ రెండు చోట్లా ఆగుతుంది. కేబుల్ కార్ స్టేషన్ పక్కనే. డెర్బీ నుంచి బేక్‌వెల్ మీదుగా బక్స్‌టన్‌కి ట్రాన్స్‌పీక్ బస్సు ఉంది. లేడీబవర్, మామ్ టార్ మాత్రం పెద్దవాళ్లతో బస్సుల్లో కష్టం, అవి వదిలేసి బక్స్‌టన్ పెట్టుకోండి.

మీ తేదీలు ఖాయమయ్యాక, అమ్మగారు ఆగకుండా ఎంత దూరం నడవగలరో, ఎన్ని మెట్లు ఎక్కగలరో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి మూడో రోజు ఎలా మార్చాలో చెప్తాను. ఇల్లు మాత్రం ఈ వారమే చూడటం మొదలుపెట్టండి, కింద పడక గది ఉన్నవి ముందుగా అయిపోతాయి.